పాత ఆటకు కొత్త ప్రతి: నింటెండో 3డీఎస్ మీద గేమ్‌బాయ్ పోకెమాన్

వ్యాస సంగ్రహం

గేమ్‌బాయ్ యంత్రం కోసం 1996లో జపాన్‌లో వెలువడిన పోకెమాన్ ఆటలు సరిగ్గా ఇరవై ఏళ్ళ తరువాత, 2016 ఫిబ్రవరి 27న, నింటెండో 3డీఎస్ అనే చేతి కన్సోల్ మీద తిరిగి విడుదలయ్యాయి. పాత ప్రోగ్రామును అందులోని తప్పులతో సహా నిలిపిన ఈ పునఃప్రచురణ కొన్నిచోట్ల మాత్రం ప్రచురణకర్తల నిర్ణయం వల్ల మారింది. వేటిని ఉంచారు, వేటిని మార్చారు, వేటిని అడ్డుకున్నారు అన్న విషయాలను ఈ వ్యాసం పాఠపరిష్కరణ దృష్టితో పరిశీలిస్తుంది. ఇద్దరు ఆటగాళ్ళను ఒకచోట కూర్చోబెట్టే నియమమే ఈ ఆటకు ఆయువుపట్టనీ, 3డీఎస్ ప్రతి దానిని చాలావరకు కాపాడిందనీ, అంగడి మూతపడడంతో ఆ ప్రతికే ముప్పు వచ్చిందనీ వాదిస్తుంది.

కీలక పదాలు: పోకెమాన్, గేమ్‌బాయ్, నింటెండో 3డీఎస్, పునఃప్రచురణ, పాఠపరిష్కరణ, డిజిటల్ పరిరక్షణ.

1. ప్రవేశిక

శిథిలమైన పాత గ్రంథాన్ని తిరిగి ప్రకటించేవారి ముందు రెండు దారులు ఉంటాయి. దొరికిన పాఠాన్ని ఉన్నదున్నట్టు అచ్చువేయడం ఒకటి. దోషాలను సవరించి నేటి పాఠకుడికి అనువుగా దిద్దడం రెండోది. సాహిత్య పరిశోధకులకు ఈ చర్చ కొత్తది కాదు. వీడియో గేముల పునఃప్రచురణలోనూ ఇదే చర్చ ఉంది. కానీ అక్కడ ఒక చిక్కు అదనం. తాళపత్రం చదవడానికి లిపి తెలిసిన కన్ను చాలు. గేమును చదవాలంటే అది నడిచే యంత్రం కావాలి. ఆ యంత్రాన్ని తయారుచేసిన సంస్థ దానిని ఆపివేస్తే పాఠం భద్రంగా ఉన్నా చదివే దారి మూసుకుపోతుంది.

పోకెమాన్ అనగానే మన దేశంలో చాలామందికి టెలివిజన్ కార్టూను, పసుపుపచ్చని పికాచు గుర్తుకు వస్తాయి. ఆ కార్టూను 1997 ఏప్రిల్‌లో మొదలైంది. ఆట దానికంటే ఏడాది ముందుది. ఆటగాడు ఊరూరా తిరుగుతూ గడ్డిలోనూ, గుహల్లోనూ, నీటిలోనూ ఎదురయ్యే వింత జీవులను చిన్న బంతుల్లో బంధిస్తాడు. వాటిని పెంచి, ఇతరుల జీవులతో పోరాడిస్తాడు. 150 రకాలనూ సేకరించి ఒక సచిత్ర పట్టికను పూర్తిచేయడం అతని లక్ష్యం. కథ ఇంతకుమించి పెద్దగా లేదు. ఈ ఆట విలువ కథలో లేదు కనుక కథను ఇక్కడ విస్తరించనవసరం లేదు.

ఈ మొదటి ఆటలను తరువాతి యంత్రాల మీదికి తెచ్చే ప్రయత్నాలు రెండు రకాలుగా జరిగాయి. 2004లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ కోసం వచ్చిన ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్, 2018లో స్విచ్ కోసం వచ్చిన లెట్స్ గో ఆటలు పునర్నిర్మాణాలు. వాటిలో ఊళ్ళూ, జీవులూ పాతవే అయినా ప్రోగ్రాము కొత్తది, బొమ్మలు కొత్తవి, నియమాలు సవరించినవి. 2016 నాటి 3డీఎస్ విడుదల పునఃప్రచురణ. వర్చువల్ కన్సోల్ అనే పథకం కింద గేమ్‌బాయ్ యంత్రం పనితీరును 3డీఎస్‌లో అనుకరించే ఎమ్యులేటర్‌ను ఏర్పాటుచేసి, దానిమీద పాత ప్రోగ్రామునే నడిపారు. పునర్నిర్మాణం మీద సమీక్షలు విరివిగా వస్తాయి. పునఃప్రచురణను మాత్రం పాత సరుకును మళ్ళీ అమ్మడంగానే చూస్తారు. పరిశోధకుడికి పనికివచ్చేది ఈ రెండోదే.

2. పురుగుల వేట, కేబుల్, రెండు రంగులు

ఈ ఆటకు రూపకల్పన చేసిన సతోషి తాజిరి 1965లో పుట్టి, టోక్యో పొలిమేరలోని మాచిదాలో పెరిగాడు. చిన్నప్పుడు అతనికి పురుగులు పట్టడం పిచ్చి. అతని కళ్ళముందే చెరువులు పూడిపోయి, పొలాలు ఇళ్ళ స్థలాలై, వేటకు చోటు లేకుండా పోయింది. పెద్దవాడయ్యాక వీడియో గేముల మోజులో పడి 1983లో గేమ్ ఫ్రీక్ అనే చిన్న పత్రికను చేతితో రాసి, పుటలు కుట్టి అమ్మాడు. దానికి బొమ్మలు వేయడానికి వచ్చిన కెన్ సుగిమోరి తరువాత పోకెమాన్ జీవులకు రూపకర్త అయ్యాడు. 1989లో ఆ పత్రికే ఆటలు తయారుచేసే సంస్థగా మారింది. గేమ్‌బాయ్ కూడా ఆ ఏడాదే విపణిలోకి వచ్చింది.

గేమ్‌బాయ్‌కి పక్కన ఒక చిన్న రంధ్రం ఉండేది. అందులో కేబుల్ గుచ్చి రెండు యంత్రాలను కలపవచ్చు. అప్పటికి ఆ కేబుల్ ముఖ్యంగా పోటీకే ఉపయోగపడింది. టెట్రిస్‌లో ఇద్దరు తలపడేది దానితోనే. తాజిరికి ఆ తీగ మీదుగా ఒక పురుగు ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి పాకిపోతున్నట్టు తోచిందని అతడే అనేకసార్లు చెప్పాడు. పోకెమాన్ పుట్టుక అక్కడ ఉంది. పట్టిన పురుగును నేస్తానికి ఇచ్చి, అతని దగ్గరున్న మరొకదాన్ని పుచ్చుకోవడం పల్లెపిల్లల పాత ఆట. దాన్ని యంత్రంలోకి దించడానికి సుమారు ఆరేళ్ళు పట్టింది.

దించిన పద్ధతి గమనించదగినది. ఆటను రెడ్, గ్రీన్ అనే రెండు ప్రతులుగా విడుదల చేశారు. కథ ఒకటే, దారులు ఒకటే. కానీ కొన్ని జీవులు ఒక ప్రతిలోనే దొరుకుతాయి. ఒకదానిలో ఎకాన్స్ అనే పాము కనిపిస్తే, రెండోదానిలో దాని స్థానంలో శాండ్‌ష్రూ కనిపిస్తుంది. ఆట ఆరంభంలో మూడు జీవుల్లో ఒకటే ఎంచుకోవాలి. మిగిలిన రెండూ ఆ ప్రతిలో మరెక్కడా దొరకవు. కడాబ్రా, మచోక్, గ్రావెలర్, హాంటర్ అనే నాలుగు జీవులు మరొకరి చేతికి మారినప్పుడే తుదిరూపం పొందుతాయి. ఎంత నేర్పరి అయినా, ఎన్ని గంటలు ఆడినా, ఒంటరిగా పట్టిక పూర్తిచేయడం అసాధ్యం. ఒకే ఆటను రెండుసార్లు కొనిపించే వ్యాపార ఎత్తుగడగా దీన్ని చూడవచ్చు, చూడాలి కూడా. అయితే అదే నియమం ఆటకు బయట ఉన్న మరో మనిషిని ఆటలో భాగం చేసింది. ఆటగాడి వద్ద లేనిది అంగట్లో దొరకదు. పక్కవాడి జేబులో ఉంటుంది.

3. మూలప్రతి ఏది?

పాఠపరిష్కర్త అడిగే మొదటి ప్రశ్న ఇక్కడ అనుకున్నంత తేలిక కాదు. 1996 ఫిబ్రవరి 27న వచ్చిన జపాన్ రెడ్, గ్రీన్ ప్రతులలో బొమ్మలు మోటుగా ఉంటాయి. అదే ఏడాది అక్టోబరులో కొరొకొరొ అనే పిల్లల పత్రిక ద్వారా బ్లూ అనే సవరించిన ప్రతి వెలువడింది. 1998 సెప్టెంబరులో అమెరికాకు వెళ్ళిన ఆంగ్ల రెడ్, బ్లూ ఆటలు పేరుకు మొదటి జంటకు అనువాదాలే అయినా, వాటి బొమ్మలకూ ప్రోగ్రాముకూ ఆధారం జపాన్ బ్లూ ప్రతి. జీవుల పంపకం మాత్రం జపాన్ రెడ్, గ్రీన్‌లది. అంటే ఆంగ్లంలో ఆడినవారు ‘మూలం’ అనుకున్నది నిజానికి రెండు జపాన్ ప్రతుల సంకరం. కార్టూనును అనుసరించి వచ్చిన యెల్లో దీనికి మరో పాఠాంతరం. 3డీఎస్ పునఃప్రచురణలో ఏ భాషవారికి ఆ భాషా ప్రతినే ఇచ్చారు. గ్రీన్ జపాన్‌లోనే వచ్చింది. ఈ విచక్షణ మెచ్చదగినది. అన్ని పాఠాలనూ కలిపి ఒక ‘ఉత్తమ ప్రతి’ తయారుచేయాలన్న ఆశకు వారు లోబడలేదు.

మొదటి ప్రతిలోనే ఒక ప్రక్షిప్తం ఉంది. పట్టికలో చెప్పినవి 150 జీవులు. కార్ట్రిడ్జ్‌లో ఉన్నవి 151. పరీక్షల కోసం వాడిన సాధనాలను చివరలో తొలగించగా సుమారు 300 బైట్ల చోటు మిగిలింది. ప్రోగ్రామర్ షిగెకి మోరిమోతో ఆ చోటులో మ్యూ అనే జీవిని దాచాడు. ఆట పరీక్షలన్నీ ముగిశాక ఇలా కొత్తదాన్ని చేర్చడం ఏ సంస్థా అనుమతించే పని కాదు. అది మామూలుగా ఆటగాళ్ళకు అందకూడదన్నదే ఉద్దేశం. కానీ ఆట విడుదలయ్యాక దాని ఉనికి గురించి వదంతులు పుట్టాయి. కొరొకొరొ పత్రిక 20 మందికి మ్యూను ఇస్తామని ప్రకటిస్తే 78,000 దరఖాస్తులు వచ్చాయి. గ్రంథకర్తల బృందంలోనివాడే చేసిన ప్రక్షిప్తం గ్రంథాన్ని నిలబెట్టడం సాహిత్య చరిత్రలో అరుదు.

4. దోషాల పరిరక్షణ

3డీఎస్ ప్రతికి నిజమైన పరీక్ష ప్రోగ్రాములోని తప్పుల దగ్గర ఎదురైంది. మొదటి తరం పోకెమాన్ ఆటలు తప్పుల పుట్ట. వాటిలో కొన్నింటిని వివరిస్తే గానీ వాటిని ఉంచడంలోని గట్టిదనం బోధపడదు.

పోరాటంలో ఒక దెబ్బ ‘నూటికి నూరు పాళ్ళు తగులుతుంది’ అని ఆట చెబుతుంది. ప్రోగ్రాములో ఆ నూరు పాళ్ళను 255 అనే సంఖ్యతో సూచించారు. దెబ్బ పడేటప్పుడు యంత్రం 0 నుంచి 255 దాకా ఏదో ఒక సంఖ్యను ఎంచుకుంటుంది; అది 255 కంటే తక్కువైతేనే దెబ్బ తగులుతుంది. సరిగ్గా 255 వస్తే తప్పిపోతుంది. కనుక తప్పకూడని దెబ్బ 256 సార్లలో ఒకసారి తప్పుతుంది. ‘చిన్నది లేదా సమానం’ అనవలసిన చోట ‘చిన్నది’ అనడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఫోకస్ ఎనర్జీ అనే విద్యది ఇంకా విచిత్రమైన సంగతి. మర్మఘాతం తగిలే అవకాశాన్ని అది నాలుగు రెట్లు పెంచాలి. ద్విసంఖ్యను ఎడమవైపు జరపవలసిన చోట కుడివైపు జరపడం వల్ల ఆ అవకాశం నాలుగో వంతుకు పడిపోయింది. ఆ విద్యను నమ్ముకున్న పిల్లలు తమ జీవులను తామే బలహీనపరచుకున్నారు, ఏళ్ళ తరబడి.

మూడోది అర్థవైరుధ్యం. సాఫ్రన్ నగరంలోని వ్యాయామశాలలో ఒక పాత్ర, మానసిక శక్తి గల జీవులు దయ్యాలకూ పురుగులకూ మాత్రమే భయపడతాయని ఆటగాడితో అంటుంది. ప్రోగ్రాములోని పట్టిక మాత్రం దయ్యాల దెబ్బకు వాటిమీద ప్రభావం సున్నా అని చెబుతుంది. గ్రంథం ఒక పుటలో చెప్పినదాన్ని మరో పుటలో కాదంటున్నదన్నమాట. 1999లో వచ్చిన గోల్డ్, సిల్వర్ ఆటల్లో దీన్ని దిద్దారు.

ఇక అన్నిటికంటే పేరుపొందినది ఆంగ్ల రెడ్, బ్లూ ప్రతుల్లోని మిస్సింగ్‌నో. విరిడియన్ నగరంలో ఒక ముసలివాడు జీవిని పట్టే పద్ధతి చేసి చూపుతాడు. ఆ కాసేపు తెరమీద ఆటగాడి పేరుకు బదులు ముసలివాడి పేరు కనిపించాలి. కనుక ఆటగాడి పేరును తాత్కాలికంగా మరోచోట దాస్తారు. చోటు కరువైన యంత్రం కావడంతో, ఆ ప్రాంతపు గడ్డిలో ఏ జీవులు తిరుగుతాయో నమోదుచేసే స్మృతిభాగాన్ని అందుకు వాడుకున్నారు. నగరంలో గడ్డి లేదు కనుక అక్కడ అది ఖాళీగానే ఉంటుంది, పొదుపైన ఆలోచనే. మరో ప్రాంతపు గడ్డికి చేరగానే కొత్త జాబితా వచ్చి ఆ అక్షరాలు చెరిగిపోతాయి. కానీ ముసలివాడి దగ్గరనుంచి నేరుగా సినబార్ ద్వీపానికి ఎగిరిపోతే అక్కడా గడ్డి లేదు. జాబితా మారదు. ఆ ద్వీపపు తూర్పు తీరంలో ఒక సన్నని పట్టీ చూడడానికి నీరే అయినా, ప్రోగ్రాము అక్కడ గడ్డి జాబితానే చదువుతుంది. చదివేసరికి అందులో ఉన్నవి ఆటగాడి పేరులోని అక్షరాలు! వాటిని జీవుల సంఖ్యలుగా, స్థాయులుగా తీసుకుని, ఏ జీవికీ చెందని సంఖ్య తగిలినప్పుడు ముక్కలుముక్కలుగా చెదిరిన ఒక ఆకారాన్ని తెరమీద నిలబెడుతుంది. ఆ ఆకారాన్ని ‘చూసినట్టు’ పట్టికలో నమోదు చేయబోయి, హద్దు దాటి, సంచిలోని ఆరో వస్తువు లెక్కకు 128 కలుపుతుంది.

ఎవరి పేరు వారికి ఎదురుపడే జీవులను నిర్ణయించింది. పెద్దలకు తెలియని ఈ రహస్యం తొంభైల చివర బడి ఆవరణల్లో నోటిమాటగా పాకింది. ఆట చుట్టూ అల్లుకున్న మౌఖిక సంప్రదాయానికి ఇది కేంద్రం. దీన్ని సవరిస్తే ప్రోగ్రాము బాగుపడేది. ఆ మౌఖిక సంప్రదాయానికి ఆధారం పోయేది. ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ పునర్నిర్మాణాల్లో అలాగే పోయింది. 3డీఎస్ ప్రతిలో మిస్సింగ్‌నో, తప్పే దెబ్బ, తిరగబడిన ఫోకస్ ఎనర్జీ, దయ్యాల వైరుధ్యం అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఎమ్యులేటర్ పాత ప్రోగ్రామునే నడుపుతుంది కనుక ఇది సహజంగా జరిగిందే, ఇందులో ఆదర్శం ఏమీ లేదు అనవచ్చు. కానీ ప్రచురణకర్తలు ఈ ప్రోగ్రాములో చేయి పెట్టలేదన్నది నిజం కాదు. కావలసిన చోట పెట్టారు.

5. ఎక్కడ చేయి పెట్టారు

1997 డిసెంబరు 16న పోకెమాన్ కార్టూనులోని ఒక భాగంలో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మారిమారి మెరవడంతో జపాన్‌లో వందలాది పిల్లలు మూర్ఛల వంటి లక్షణాలతో ఆసుపత్రుల పాలయ్యారు. గేమ్‌బాయ్ ఆటల్లో కొన్ని దెబ్బలు తగిలినప్పుడు తెర మొత్తం టపటపా మెరుస్తుంది. వెనుకనుంచి వెలుగు లేని మసక తెర మీద అది పెద్దగా బాధించేది కాదు. 3డీఎస్ తెర ప్రకాశవంతమైనది. కొత్త ప్రతిలో ఆ మెరుపులను తగ్గించారు. మూలానికి విధేయత కన్నా చూసేవాడి క్షేమం ముందు వస్తుంది కనుక దీనిపై ఎవరికీ అభ్యంతరం ఉండనవసరం లేదు.

తెర విషయంలో మరో చిన్న నిర్ణయం ఉంది. గేమ్‌బాయ్ తెర అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు, నాలుగు ఛాయలు. 3డీఎస్ పైతెర ఎత్తు 240 చుక్కలు. 144ను 240కి సాగదీస్తే పూర్ణసంఖ్య రాదు. ఒక్కో చుక్క ఒకటికి పైన మూడింట రెండు వంతులు కావాలి. ఫలితంగా బొమ్మ అంచులు అలుక్కుపోతాయి. ఆట మొదలుపెట్టేటప్పుడు స్టార్ట్ లేదా సెలెక్ట్ మీట నొక్కిపట్టుకుంటే మాత్రం పాత కొలతలోనే, చిన్నదిగా, పదునుగా కనిపిస్తుంది. చుక్కచుక్కగా గీసిన ఆ బొమ్మలను పరిశీలించదలచినవారు అలా చూడడమే సరైనది.

మూడో నిర్ణయం మరింత అర్థవంతమైనది. వర్చువల్ కన్సోల్‌లోని ఇతర ఆటల్లో ఆటగాడు ఏ క్షణంలోనైనా ఆటస్థితిని భద్రపరచి, తరువాత అక్కడికే వెనక్కు రావచ్చు. పోకెమాన్ ఆటల్లో ఆ సౌకర్యాన్ని తీసివేశారు. కారణం ఊహించడం కష్టం కాదు. స్థితిని భద్రపరచి, జీవిని నేస్తానికి ఇచ్చి, మళ్ళీ వెనక్కు వస్తే ఇచ్చినది తన దగ్గరే ఉంటుంది, నేస్తం దగ్గరా ఉంటుంది. ఇవ్వడంలో పోగొట్టుకోవడం ఉండదు. పోగొట్టుకోవడం లేకపోతే మార్పిడి అన్న మాటకే అర్థం లేదు. మార్పిడి మధ్యలో యంత్రం ఆపివేసి ఒకటిని రెండు చేసే కిటుకు కేబుల్ కాలపు పిల్లలకూ తెలుసు. కానీ అది ప్రోగ్రాము కన్నుగప్పి చేసే పని. కొత్త యంత్రం ఆ కిటుకును ఒక మీటగా చేతికి అందిస్తే సంగతి వేరు.

6. తీగ పోయి మిగిలిన సామీప్యం

3డీఎస్‌కు పాత కేబుల్ గుచ్చే చోటు లేదు. గేమ్‌బాయ్ ఎమ్యులేటర్ మీద నడిచే ఆటల్లో అప్పటిదాకా ఇద్దరు ఆడే సౌకర్యమే ఉండేది కాదు. పోకెమాన్ కోసం ప్రత్యేకంగా, కేబుల్ స్థానంలో దగ్గరగా ఉన్న రెండు 3డీఎస్‌లు తీగ లేకుండా మాట్లాడుకొనే ఏర్పాటు చేశారు. ఆటలో మాత్రం కేబుల్ క్లబ్ అనే గది అలాగే ఉంది. లేని తీగ పేరిట గల్లాబల్ల వద్ద నిలబడిన పాత్ర అదే పాత మాట చెబుతుంది.

ఇక్కడ ప్రచురణకర్తలు తీసుకోని దారే గమనించవలసినది. 2016 నాటికి 3డీఎస్‌లో ఇంటర్నెట్ ద్వారా మార్పిడి సర్వసాధారణం. అప్పటి కొత్త పోకెమాన్ ఆటల్లో ముక్కూమొహం తెలియని దేశాంతరవాసితో క్షణాల్లో జీవులను మార్చుకోవచ్చు. పాత ఆటలకు ఆ సదుపాయం ఇవ్వలేదు. ఇద్దరూ ఒకేచోట ఉండాలి. దీనికి కారణం సాంకేతిక పరిమితి కావచ్చు, ఖర్చు కావచ్చు. ఫలితం మాత్రం ఒకటే: ఆటను నిర్వచించే నియమం నిలిచింది. పట్టిక పూర్తికావాలంటే పక్కన మనిషి కావాలి.

అయితే 1998లో ఆ మనిషి తరగతిలో పక్క బల్ల మీద ఉన్నాడు. 2016లో ఈ ఆటను మళ్ళీ కొన్నవారిలో ఆనాటి పిల్లలు ఎందరో ఉన్నారు. వారు ఇప్పుడు ఉద్యోగాల్లో, వేర్వేరు ఊళ్ళలో, ఒంటరి గదుల్లో ఉన్నవారు. నియమం యథాతథంగా ఉంది; అది అనుకున్న సమాజం లేదు. ఎమ్యులేటర్ యంత్రాన్ని అనుకరించగలదు, బడి విరామాన్ని అనుకరించలేదు. పాత ఆటను మళ్ళీ ఆడేవారు తరచు చెప్పే వెలితికి పేరు జ్ఞాపకాల బెంగ అంటారు గానీ, దానికి ఇలాంటి గట్టి నిర్మాణకారణమూ ఉంది. ఆటలోని నాలుగు జీవులు తుదిరూపం పొందక అలాగే ఉండిపోతాయి.

7. ప్రతి మూలాన్ని పూరించిన ఒక సందర్భం

2017 సెప్టెంబరు 22న గోల్డ్, సిల్వర్, 2018 జనవరి 26న క్రిస్టల్ ఆటలు కూడా 3డీఎస్ మీదికి వచ్చాయి. క్రిస్టల్‌లో ఒక విశేషం ఉంది. 2000 డిసెంబరులో జపాన్‌లో విడుదలైన మూలప్రతికి సెల్‌ఫోన్‌తో కలిపే ఒక అనుబంధ పరికరం ఉండేది. దాని ద్వారా జీఎస్ బాల్ అనే వస్తువును పొంది, అజేలియా పట్టణంలోని కర్ట్ అనే పనివాడికి చూపించి, ఐలెక్స్ అడవిలోని చిన్న గుడిలో ఉంచితే సెలెబీ అనే అరుదైన జీవి ప్రత్యక్షమయ్యేది. ఆ ఫోన్ సేవ 2002లోనే ఆగిపోయింది. ఇతర దేశాల ప్రతుల్లో ఆ ఘట్టం ప్రోగ్రాములో ఉంది గానీ దానికి చేరే దారి లేదు. పదిహేడేళ్ళపాటు అచ్చులో ఉండి ఎవరూ తెరవలేని పుట అది. 3డీఎస్ ప్రతిలో ఆట గెలిచినవారికి జీఎస్ బాల్ దానంతట అదే అందేటట్టు చేశారు. జపాన్ వెలుపల ఆటగాళ్ళు ఆ ఘట్టాన్ని దొంగదారులు తొక్కకుండా చూడడం అదే మొదటిసారి. ప్రతి మూలం కన్నా పూర్ణంగా ఉండడం అంటే ఇదే.

మరో కొత్త దారి 2017 జనవరిలో తెరుచుకుంది. పోకెమాన్ బ్యాంక్ అనే సేవ ద్వారా 3డీఎస్ రెడ్, బ్లూ, యెల్లోలలోని జీవులను సన్, మూన్ అనే కొత్త ఆటల్లోకి పంపవచ్చు. వెళ్ళినది తిరిగి రాదు. 2002లో రూబీ, సఫైర్ వచ్చినప్పుడు పాత ఆటల జీవులను కొత్తవాటిలోకి తెచ్చే వీలు లేకుండా పోయింది. ఆ తెగిన వంతెనను ఇలా కట్టారు. పాత జీవులకు స్వభావం అన్న లక్షణం లేదు, కొత్త ఆటల్లో ఉంది. అందుకని జీవి సంపాదించిన అనుభవ సంఖ్యను 25తో భాగించి, వచ్చిన శేషాన్నిబట్టి 25 స్వభావాల్లో ఒకటి కేటాయించారు. పాత భాషలో లేని లింగాన్ని అనువాదకుడు కొత్త భాష కోసం కల్పించుకున్నట్టు ఉంటుంది ఈ ఏర్పాటు. ఒక్కటి మాత్రం చేదు నిజం: వంతెన 3డీఎస్ ప్రతినుంచే మొదలవుతుంది. 1998లో కార్ట్రిడ్జ్‌లో పెంచిన జీవికి అందులో ప్రవేశం లేదు.

8. రెండు రకాల మరణాలు

ఆ కార్ట్రిడ్జ్ పరిస్థితి ఏమిటి? అందులో రెండు రకాల స్మృతి ఉంటుంది. ఆట ప్రోగ్రాము ఉన్న చిప్పు విద్యుత్తు లేకున్నా నిలుస్తుంది. ఆటగాడి పురోగతి ఉన్న చిప్పును నాణెమంత లిథియం బ్యాటరీ ఒకటి కాపాడుతుంది. అది అయిపోయిన రోజున ఆట ఉంటుంది, ఆడినది పోతుంది. గడియారం కూడా నడపవలసిన గోల్డ్, సిల్వర్ కార్ట్రిడ్జ్‌లలో బ్యాటరీ ఇంకా త్వరగా అరుగుతుంది. అయినా టంకం పెట్టడం తెలిసినవారెవరైనా కొత్త బ్యాటరీ వేస్తే కార్ట్రిడ్జ్ మళ్ళీ పనిచేస్తుంది. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

3డీఎస్ ప్రతి చావు వేరు. దానికి కాగితం లేదు, పెట్టె లేదు. ఈషాప్ అనే డిజిటల్ అంగడిలో, అమెరికాలో 9.99 డాలర్లకు, డౌన్‌లోడ్‌గా దొరికేది. 2023 మార్చి 27న ఆ అంగడిలో అమ్మకాలు ఆగిపోయాయి. కొన్నవారు తిరిగి దించుకోవచ్చు. కొననివారు ఇక కొనలేరు. గట్టి విచక్షణతో తయారైన ఈ పునఃప్రచురణ ఏడేళ్ళకే అలభ్యమైంది. అది దేనికి ప్రతినిధిగా వచ్చిందో ఆ పాత కార్ట్రిడ్జ్ మాత్రం పాతసామాన్ల దుకాణాల్లో ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది.

ఇది ఒక్క ఆట సంగతి కాదు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం విపణిలో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన అధ్యయనం తేల్చింది. అందులో గేమ్‌బాయ్ ఆటల లభ్యత 6 శాతం లోపే. గ్రంథాలయాలు తమ వద్ద ఉన్న పాత ఆటలను దూరాన ఉన్న పరిశోధకులకు అందించేందుకు మినహాయింపు కోరితే, 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం నిరాకరించింది. పరిశోధన పేరుతో వినోదానికి వాడుకుంటారన్నది అందులోని ప్రధానమైన జంకు. నవలను సరదాకు చదువుతారేమోనని గ్రంథాలయాన్ని ఎవరూ మూయరు. ఆటల విషయంలో ఆ వాదన నెగ్గింది.

ఈ లోటును ప్రస్తుతం ఎక్కువగా పూడుస్తున్నది అభిమానుల శ్రమ. పోక్‌రెడ్ అనే సమష్టి కృషిలో వారు రెడ్ ప్రోగ్రామును పంక్తి పంక్తిగా విప్పి, ప్రతి భాగానికీ వ్యాఖ్య రాసి, తిరిగి కూర్చితే బైటు తేడా లేకుండా పాత ఆటే వచ్చేటట్టు చేశారు. పైన వివరించిన ఫోకస్ ఎనర్జీ తప్పు ఏ పంక్తిలో ఉందో నేడు వేలుపెట్టి చూపగలుగుతున్నది ఇలాంటి కృషి వల్లనే. సటీక పరిష్కృతి అన్న మాటకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఈ రంగంలో లేదు. దాని చట్టబద్ధత మాత్రం ప్రశ్నార్థకంగానే ఉంది. కనుక ఈ ఆటల మీద పనిచేసే పరిశోధకుడు తన వ్యాసంలో ఏ భాషాప్రతి, ఏ యంత్రం, కార్ట్రిడ్జా పునఃప్రచురణా అన్నది మొదటే చెప్పడం అవసరం. మెరుపుల గురించి 3డీఎస్ ప్రతిని చూసి రాసినవాడూ, సెలెబీ గురించి ఆంగ్ల కార్ట్రిడ్జ్‌ను చూసి రాసినవాడూ ఇద్దరూ పొరబడతారు.

2024 ఏప్రిల్‌లో 3డీఎస్ ఆన్‌లైన్ సేవలు కూడా, పోకెమాన్ బ్యాంక్ మినహా, నిలిచిపోయాయి. అపరిచితులతో మార్పిడి చేయించిన కొత్త ఆటలు ఆ శక్తిని కోల్పోయాయి. రెడ్, బ్లూల మార్పిడి మాత్రం ఏ సర్వరునూ తాకేది కాదు. ముందే కొని ఉంచుకున్న ఇద్దరు తమ 3డీఎస్‌లతో ఒకే గదిలో కూర్చుంటే, కేబుల్ క్లబ్ తలుపు ఇప్పటికీ తెరుచుకుంటుంది. హాంటర్ అవతలి యంత్రంలోకి వెళ్ళి గెంగార్ అవుతుంది.